రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ జరుగుతున్నప్పుడు చర్మ సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ అయింది, కొందరికి కీమో కూడా పూర్తయింది. ఇక మిగిలింది రేడియేషనే అనగానే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. సూది లేదు, సెలైన్ లేదు, రోజుకు పది పదిహేను నిమిషాల పని. కానీ ఈ చికిత్స తాకిడి ముందుగా కనిపించేది చర్మం మీదే. కొన్ని వారాలకు అది నల్లబడి, దురద పెట్టి, మండడం మొదలయ్యేసరికి ఇంటిల్లిపాదీ తలా ఒక సలహా ఇస్తారు. ఒకరు పసుపు రాయమంటారు, ఒకరు నీళ్లు తగలనివ్వద్దంటారు, ఇంకొకరు వంకాయ మానేయమంటారు. రేడియేషన్ విభాగం బయట బెంచీల మీద పదేపదే వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. మీ డాక్టరు మీ చర్మాన్ని చూసి చెప్పిన మాట మాత్రం వీటన్నిటికంటే ముందు. రొమ్ము క్యాన్సర్ మగవారికీ వస్తుంది. వారికీ ఈ జాగ్రత్తలే వర్తిస్తాయి.

రేడియేషన్ ఇస్తే చర్మం ఎందుకు దెబ్బతింటుంది? కాలిపోతుందా?

మన దగ్గర చాలామంది దీన్ని కరెంటు పెట్టడం అంటారు. అందుకే షాక్ కొడుతుందేమో, కాలుతుందేమో అన్న భయం. ఒంట్లోకి కరెంటేమీ పోదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం నుంచి వచ్చే శక్తిమంతమైన ఎక్స్ కిరణాలు రొమ్మును చేరతాయి. బల్ల మీద పడుకున్నంతసేపు నొప్పి గానీ వేడి గానీ తెలియవు. అయితే ఆ కిరణాలు చర్మం దాటే లోపలికి వెళ్లాలి. చర్మం అడుగు పొరలో కొత్త కణాలు నిత్యం పుడుతూ, పైకి వచ్చి, పాతవి రాలిపోతుంటాయి. రేడియేషన్ వల్ల ఆ పుట్టుక మందగిస్తుంది. పై పొర రాలుతూనే ఉంటుంది గానీ, దాని స్థానంలోకి రావలసినవి సమయానికి రావు. అందుకే మొదటి రోజు ఏమీ కనిపించదు, వారాల తర్వాత బయటపడుతుంది.

ఎక్కువో తక్కువో చర్మంలో మార్పు దాదాపు అందరికీ వస్తుంది. అది మీరు చేసిన తప్పు కాదు, చికిత్స వికటించిందనీ కాదు.

ఎప్పుడు మొదలవుతుంది? ఎప్పటికి తగ్గుతుంది?

సాధారణంగా రెండో వారం, మూడో వారం నుంచి తెలుస్తుంది. చికిత్స ముగిసిన తర్వాత ఒకటి రెండు వారాలకు బాగా ముదురుతుంది. అక్కడి నుంచి తగ్గుతూ, ఎక్కువమందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో మానుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని జాగ్రత్తగా గమనించండి. పూర్వం రొమ్ముకు 25 సార్లు, మొత్తం 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం), ఐదు వారాల పాటు ఇచ్చేవారు. బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షల తర్వాత 15 సార్లలో 40 గ్రే ఇచ్చే మూడు వారాల పద్ధతి చాలాచోట్ల వాడుకలోకి వచ్చింది. 2020లో ఫలితాలు వెలువడిన ఫాస్ట్ ఫార్వర్డ్ పరీక్ష దాన్ని ఐదు సార్లకు, 26 గ్రేకు, అంటే ఒక్క వారానికి తెచ్చింది. గడ్డ తీసిన చోట అదనంగా బూస్ట్ ఇస్తే మరికొన్ని రోజులు పెరుగుతాయి. పాత పద్ధతితో పోలిస్తే ఈ చిన్న కోర్సుల్లో చర్మం తక్కువగా దెబ్బతింటుంది. అది మంచి కబురే. కానీ కోర్సు పొట్టిదైనకొద్దీ, చర్మం ముదిరే సమయానికి మీరు ఆసుపత్రిలో ఉండరు. హైదరాబాద్ ఎం.ఎన్.జె.కో, విశాఖపట్నం అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రికో దూరం నుంచి వచ్చి, గది తీసుకుని ఉండి, చివరి రోజున సంతోషంగా ఊరు చేరతారు. సరిగ్గా అప్పుడు చంకలో మంట మొదలవుతుంది. ఇప్పుడెవరిని అడగాలో తెలియదు. అందుకని చివరి సిట్టింగ్ రోజున మూడు విషయాలు అడగకుండా కదలవద్దు: చర్మం తేడా చేస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, దగ్గర్లో ఎవరికి చూపించాలి, ఏ క్రీము ఎన్నాళ్లు వాడాలి. కాగితం మీద రాయించుకోండి.

నాది చామనఛాయ. ఎర్రబడుతుందన్నారు గానీ నాకు ఎరుపేమీ కనిపించడం లేదు. నాకు రియాక్షన్ రానట్టేనా?

అలా అనుకోవద్దు. పాఠ్యపుస్తకాల్లోని బొమ్మల్లో ఎక్కువ భాగం తెల్లని చర్మానివి. మన చర్మంలో ఎరుపు సరిగా తేలదు. రంగు ముదరడం, చనుమొన చుట్టూ, చంకలో, రొమ్ము కింది మడతలో నల్లబడడం, అరచేతి వెనుక వైపు ఆనిస్తే పక్క రొమ్ముకంటే వెచ్చగా అనిపించడం, చర్మం బిగిసినట్టు ఉండడం, పొట్టు రేగడం, వెంట్రుకల కుదుళ్ల దగ్గర చిన్న చిన్న పొక్కుల్లా లేచి దురద పెట్టడం మనం చూడవలసిన గుర్తులు. పైకి పెద్దగా కనబడకపోయినా మంటగా ఉంటే మంటగా ఉందనే చెప్పండి. రంగు చూసి తీవ్రతను తక్కువ అంచనా వేసే ప్రమాదం మనలాంటి చర్మానికి ఎక్కువ.

స్నానం చేయవచ్చా? నీళ్లు తగలకూడదని పక్క బెడ్డావిడ చెప్పింది.

చేయవచ్చు, చేయాలి కూడా. నీళ్లు తగిలితే పుండవుతుందన్న పాత భయానికి ఆధారం లేదు. 2001లో ప్రచురితమైన ఒక కెనడా అధ్యయనంలో రొమ్మును నీళ్లతో, సబ్బుతో కడుక్కున్న స్త్రీలకే తడిపుండ్లు, అంటే చర్మం ఊడి తడిగా మారడం, తక్కువగా వచ్చాయి. మన ఎండాకాలంలో చెమట, మురికి మడతల్లో నిలిచిపోవడం మరింత చేటు.

గోరువెచ్చని నీళ్లు చాలు, వేడి నీళ్లు వద్దు. ఘాటైన వాసన లేని మెత్తని సబ్బును చేతిలో నురగ చేసుకుని, ఆ నురగను అరచేత్తో రాయండి. పీచు, బ్రష్, రుద్దుడు రాయి ఆ భాగానికి దూరం. షవర్ లేదా చెంబు ధార నేరుగా పడకుండా భుజం మీద నుంచి జారనివ్వండి. తుడుచుకునేటప్పుడు తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. రొమ్ము కింద, చంక లోపల పూర్తిగా ఆరాకే బట్ట వేసుకోండి.

ఇక గీతల సంగతి. కిరణాలు రోజూ అదే చోట పడడానికి మార్కర్ పెన్నుతో గీతలు గీస్తారు, లేదా చుక్కల్లాంటి పచ్చబొట్టు వేస్తారు. పచ్చబొట్టు పోదు. గీతలు స్నానానికి మెల్లగా వెలిసిపోవచ్చు. రుద్ది చెరపవద్దు. వెలిశాయని ఇంట్లో పెన్నుతో దిద్దుకోవద్దు కూడా. మర్నాడు టెక్నీషియన్‌కు చెబితే వాళ్లే సరిగా దిద్దుతారు. బ్లౌజులకు ఆ సిరా అంటుతుంది, కొత్తవి వేసుకోకండి.

పసుపు, కలబంద, కొబ్బరినూనె రాయవచ్చా? సున్నిపిండితో రుద్దుకోవచ్చా?

ఈ ప్రశ్న వెనుక అమ్మలూ అత్తలూ ఉంటారు. వారి ప్రేమను కాదనలేం. ఒక్కొక్కటిగా చూద్దాం.

పసుపు ముద్ద వద్దు. వంటింటి పసుపులో ఏమేమి కలిసి ఉంటాయో తెలియదు. ఎండితే పెచ్చులా పట్టుకుంటుంది, దాన్ని వదిలించేటప్పుడు పై పొర లేచి వస్తుంది. పైగా పసుపు రంగు కింద చర్మం ఎలా ఉందో డాక్టరుకు కనబడదు. సున్నిపిండి, ముల్తానీ మట్టి వంటివి రుద్దుడు సరుకులు కాబట్టి అసలే వద్దు. కలబంద చల్లగా అనిపిస్తుంది, నిజమే. కానీ రేడియేషన్ పుండును అది ఆపుతుందని పరీక్షల్లో తేలలేదు. పెరట్లో కోసిన మట్టను నేరుగా రాస్తే దాని పసుపు పాలు కొందరికి దురద తెస్తాయి. పగిలిన చర్మం మీద మట్టి సూక్ష్మజీవులు చేరతాయి. కొబ్బరినూనె సంగతి కొంత వేరు. చర్మం చిట్లకుండా పొడిగా మాత్రమే ఉంటే, శుభ్రమైన నూనె పలచగా రాసుకోవడానికి చాలామంది డాక్టర్లు అభ్యంతరం చెప్పరు. ఒక్క మాట అడిగి మొదలుపెట్టండి. తడిగా ఊడిన చోట మాత్రం నూనె, నెయ్యి, వెన్న, తేనె ఏవీ వద్దు. అమృతాంజనం వంటి బామ్‌లు, ఐస్ గడ్డలు, వేడి నీళ్ల సంచి కూడా ఆ వైపు పెట్టవద్దు.

మరి ఏ క్రీము రాయాలి? రేడియేషన్‌కు ముందా, తర్వాతా?

వాసన లేని మామూలు మాయిశ్చరైజరు మొదటి రోజు నుంచే, చర్మం బాగున్నప్పటి నుంచే, రోజుకు రెండుసార్లు. మంట వచ్చాక మొదలుపెడదాంలే అనుకోవడం ఆలస్యమే అవుతుంది. మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ క్రీమును ముందు నుంచే పలచగా రాస్తే దురద, మంట, తీవ్రమైన రియాక్షన్ తగ్గుతాయని పలు పరీక్షల్లో తేలింది. మీ డాక్టరు రాయకపోతే నాకు అవసరమా అని మీరే అడగండి, అందులో తప్పేమీ లేదు. అయితే మందుల షాపులో స్టెరాయిడ్ ట్యూబులు అడిగిన వెంటనే ఇచ్చేస్తారు. యాంటీబయాటిక్, ఫంగస్ మందు, ఘాటు స్టెరాయిడ్ అన్నీ కలిపిన ట్యూబులను అలా కొని రాసుకోవద్దు.

సమయం విషయంలో అందరూ చెప్పేది, రేడియేషన్‌కు ముందు ఏమీ రాయవద్దని. 2018లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం పలచని పూత వల్ల చర్మానికి చేరే మోతాదు పెరగదు, మందంగా మెత్తితేనే పెరుగుతుంది. కాబట్టి పొద్దున పలచగా రాసుకున్నానే అని కంగారు పడనక్కర లేదు. సిట్టింగ్ అయ్యాక ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి రాస్తే ఏ గొడవా ఉండదు.

మెత్తని సిలికాన్ పొరను చర్మం మీద అతికించి మొదటి నుంచి చివరి దాకా ఉంచే పద్ధతి కూడా ఉంది. 2023లో కెనడా నుంచి వెలువడిన పరీక్షలో తీవ్రమైన రియాక్షన్లు దానితో గణనీయంగా తగ్గాయి. ఖర్చుతో కూడినది, అన్ని చోట్లా దొరకదు. రొమ్ము పెద్దదిగా ఉండి రియాక్షన్ ముప్పు ఎక్కువ ఉన్నవారు దాని గురించి అడిగి తెలుసుకోవడం మంచిది.

ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

పదిసార్లు ఉతికి మెత్తబడిన నూలు. బిగుతు బ్లౌజు చంక దగ్గర కోసుకుంటుంది, కాబట్టి ఆ చేతి కుట్టు విప్పి వదులు చేయించండి లేదా వదులు నైటీ, కుర్తా వేసుకోండి. వైరు ఉన్న బ్రా వద్దు. రొమ్ము బరువుగా ఉండి బ్రా లేకపోతే మడత మరింత ఒరుసుకునేవారు వైరు లేని నూలు బ్రాను ఒక సైజు పెద్దది తీసుకోండి. ఇంట్లో ఉన్నప్పుడు గది తలుపు వేసుకుని ఓ అరగంట ఏమీ వేసుకోకుండా ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఉమ్మడి కుటుంబాల్లో దీనికి చోటు దొరకదని తెలుసు. కానీ ఇది విలాసం కాదు, చికిత్సలో భాగం. ఇంట్లోవాళ్లు ఆ గదిని ఆవిడకు వదిలిపెట్టాలి. జరీ పైట, గరుకు చున్నీ, భుజాన హ్యాండ్‌బ్యాగు పట్టీ కూడా ఒరుసుకుంటాయి.

మంగళసూత్రం తీయాలంటున్నారు. తప్పదా?

రేడియేషన్ పడే భాగంలో లోహం ఉండకూడదు. కొందరికి రొమ్ముతోపాటు మెడ కింద, కాలర్ ఎముక పైన ఉన్న లింఫ్ గ్రంథులకూ రేడియేషన్ ఇస్తారు. గొలుసు, నల్లపూసలు సరిగ్గా అక్కడే పడతాయి. యంత్రం కింద ఉన్నంతసేపు తీయక తప్పదు. బయటికి వచ్చాక మళ్లీ వేసుకోవచ్చు గానీ, మూడో వారానికి ఆ చోటు కమిలి ఉంటుంది, పూసలు కదిలినప్పుడల్లా ఒరుసుకుంటాయి. పసుపు తాడు కట్టుకుంటామంటారు చాలామంది. కొత్త తాడు గరుకుగా ఉంటుంది, చెమటకు తడిసి రంగు దిగుతుంది. అంతకంటే ఈ కొన్ని వారాలు సూత్రాలను చేతికి కట్టుకోవడమో, దేవుడి దగ్గర పెట్టుకోవడమో మేలు. ఆపరేషన్ వైపు చేతికి కాకుండా రెండో చేతికి కట్టుకోండి. ఈ విషయంలో ఆమెను ఎవరూ మాట అనకుండా చూడవలసిన బాధ్యత భర్తది. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంచితే ఆమెకు సగం బరువు తగ్గుతుంది.

చంకలో వెంట్రుకలు తీసుకోవచ్చా? డియోడరెంట్, పౌడరు?

బ్లేడు, వ్యాక్సింగ్, వెంట్రుకలు పోయే క్రీములు ఆ వైపు వద్దు. తప్పదనుకుంటే ఎలక్ట్రిక్ ట్రిమ్మరు వాడండి. రేడియేషన్ పడే చంకలో వెంట్రుకలు వాటంతటవే రాలవచ్చు కూడా. డియోడరెంట్‌ను పూర్తిగా మానాలన్న పాత నియమాన్ని తర్వాతి పరీక్షలు బలపరచలేదు. చర్మం చిట్లనంతవరకు అలవాటున్నవారు తేలికపాటిది వాడుకోవచ్చు. టాల్కం పౌడరు మాత్రం మడతల్లో చెమటతో కలిసి ముద్దకడుతుంది, దాన్ని మానండి.

రొమ్ము కింద చర్మం ఊడి తడిగా ఉంది. డాక్టరుకు చూపించాలంటే సిగ్గుగా ఉంది.

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. చర్మం తడిగా ఊడడం ఎక్కువగా మొదలయ్యేది రొమ్ము కింది మడతలో, చంక లోపల. చర్మం చర్మాన్ని ఆనుకుని, గాలి ఆడక, చెమట నిలిచే చోట్లు అవి. నిలబడి చూసుకుంటే కనబడవు. బల్ల మీద పడుకున్నప్పుడు టెక్నీషియన్‌కూ కనబడకపోవచ్చు. సిగ్గుపడి పేషెంటూ చెప్పదు. చీర కొంగు మడిచి రొమ్ము కింద దోపుకుని, అది అంటుకుపోతే తడిపి లాగి, మళ్లీ ఇంకో మడత పెట్టుకుని రోజులు నెట్టేస్తుంది. ఎలా ఉందమ్మా అని అడిగితే బాగానే ఉందండీ అంటుంది. చివరికి బట్టకు మరకలై, వాసన వచ్చాక కూతురు కనిపెడుతుంది. అంతదాకా రానివ్వకండి.

రోజూ స్నానం తర్వాత చిన్న అద్దం రొమ్ము కింద పెట్టి చూసుకోండి, లేదా ఇంట్లో ఒకరికి చూపించండి. చికిత్స జరుగుతున్నన్నాళ్లు వారానికి ఒకసారి డాక్టరు చూస్తారు. ఆ రోజు అక్కడ కూడా చూడండి అని మీరే అనండి. మగ డాక్టరైతే నర్సును పక్కన ఉండమనండి, నర్సుకే ముందుగా చూపించండి. అది మీ హక్కు. ఇంటి నుంచి ఫోనులో ఫొటో పంపించవచ్చా అనీ అడగవచ్చు.

తడిగా ఊడిన చోట చేయవలసింది ఇది. రోజూ గోరువెచ్చని నీళ్లతో లేదా సెలైన్‌తో మెల్లగా కడిగి, అద్ది ఆర్పాలి. అంటుకోని డ్రెస్సింగ్, అంటే పారఫిన్ పూసిన గాజుగుడ్డ గానీ సిలికాన్ ఫోమ్ గానీ పెట్టి, దాన్ని వదులు బనియను లాంటి బట్టతో నిలపాలి. చర్మం మీద ప్లాస్టర్ అతికించవద్దు, తీసేటప్పుడు మంచి చర్మం కూడా లేచి వస్తుంది. పొడి దూదిని, మామూలు గాజుగుడ్డను నేరుగా పెట్టవద్దు. సిల్వర్ సల్ఫాడయాజిన్ వంటి పూత డాక్టరు రాస్తే, మర్నాటి సిట్టింగ్‌కు ముందు దాన్ని కడిగేసుకుని వెళ్లాలి. నొప్పికి పారాసిటమాల్ ఎంత, ఎప్పుడు వేసుకోవాలో అడగండి. ఓర్చుకోవడం వల్ల పుండు త్వరగా మానదు. ఈ తడి పుండ్లు చూడడానికి భయం గొలిపినా, సరిగా చూసుకుంటే ఎక్కువమందికి కొన్ని వారాల్లో మానిపోతాయి.

రొమ్ము మొత్తం తీసేశారు. అయినా నాకు ఎదమీద ఇంతగా నల్లబడిందెందుకు?

రొమ్ము తీసేసిన ఛాతీ గోడకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు కొందరికి చర్మం మీద బోలస్ అనే మెత్తని పలకను పరుస్తారు. చర్మంలోనూ కుట్టు చుట్టూనూ క్యాన్సర్ కణాలు మిగలకుండా ఉండాలని, మోతాదు కావాలనే పైపొరకు చేరేలా చేస్తారు. కాబట్టి రియాక్షన్ కూడా ఎక్కువే ఉంటుంది. బరువైన సిలికాన్ కృత్రిమ రొమ్మును చర్మం మానేదాకా పక్కన పెట్టండి. బయటికి వెళ్లాలంటే దూది నింపి కుట్టిన తేలికైనది సరిపోతుంది.

పథ్యం ఏమైనా ఉందా? వంకాయ, గోంగూర, మాంసం తింటే చీము పడుతుందంటారు.

పడదు. పుండు మానడానికి కావలసింది మాంసకృత్తులు. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, చేపలు, చికెన్ మీకు అలవాటున్నవి తినండి. పథ్యం పేరుతో చారన్నం మీద బతికితే చర్మం మానడానికి సరుకే ఉండదు. రేడియేషన్ వేడి చేస్తుందని మజ్జిగ, కొబ్బరినీళ్లు ఇస్తారు. తాగండి, మంచిదే. షుగరు ఉంటే అదుపులో ఉంచుకోండి, లేకపోతే పుండు ఆలస్యంగా మానుతుంది. పొగ కూడా చర్మానికి చేటే. శ్రీకాకుళం వైపు చుట్ట కాల్చే పెద్దమ్మలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. విటమిన్ మాత్రలు, మూలికల పొడులు డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దు.

ఇంట్లో పసిపిల్ల ఉంది. ఎత్తుకోవచ్చా?

ఎత్తుకోండి. యంత్రం ఆగిన క్షణంలోనే కిరణాలూ ఆగిపోతాయి. మీ ఒంట్లో రేడియేషనేమీ మిగలదు, ఎవరికీ అంటదు. ఆపరేషన్ అయిన చేతి మీద బరువు వేయకుండా, పిల్ల తల మంట ఉన్న వైపు తగలకుండా చూసుకుంటే చాలు.

చర్మం ఇలా ఉండగా కొన్నాళ్లు ఆపేస్తే నయం కదా?

మీ అంతట మీరు ఆపవద్దు. మధ్యలో వచ్చే విరామం చికిత్స బలాన్ని తగ్గిస్తుంది. ఆపవలసిన పరిస్థితి ఉంటే డాక్టరే ఆపుతారు, ఆ రోజులను ఎలా సరిచేయాలో లెక్క వేస్తారు. పుండు దాచి వచ్చేవారిలాగే, పుండు పడిందని చెప్పకుండా మానేసేవారూ ఉంటారు. రెండింటికీ మందు ఒక్కటే, ముందుగా చూపించడం.

వెంటనే ఫోన్ చేయవలసిన సందర్భాలేమిటి?

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, చీము గానీ దుర్వాసన గానీ వచ్చినా, రక్తం కారినా, వాపు లేదా వేడి రేడియేషన్ పడిన హద్దు దాటి పాకుతున్నా, చేయి ఉబ్బినా, నొప్పికి నిద్ర పట్టకపోయినా ఆ రోజే ఫోన్ చేయండి. కీమో ఇటీవలే అయినవారు జ్వరాన్ని తెల్లారే దాకా కూడా ఆపుకోవద్దు.

చికిత్స అయిపోయింది. ఈ నలుపు పోతుందా?

నెలల మీద పలచబడుతుంది. కొందరికి ఛాయగా మిగులుతుంది. రొమ్ము కొంచెం గట్టిపడడం, చంకలో చెమట తగ్గడం, అప్పుడప్పుడు సూది గుచ్చినట్టు చురుక్కుమనడం చాలామందికి ఉంటాయి. చురుకులు క్రమంగా తగ్గుతాయి. నలుపు పోవడానికి తెల్లబరిచే క్రీములు, ఫేషియల్ బ్లీచ్‌లు ఆ చర్మం మీద వాడవద్దు. మాయిశ్చరైజరు కొనసాగించండి. ఆ చర్మానికి ఎండ తట్టుకునే శక్తి తక్కువ, కనీసం ఏడాది పాటు మరింత జాగ్రత్త కావాలి. మే నెల ఎండలో మెడ, భుజం కప్పుకునే బట్ట వేసుకోండి, చర్మం పూర్తిగా మానాక సన్‌స్క్రీన్ రాసుకోండి. చేతి వ్యాయామాలు మానవద్దు, లేకపోతే భుజం బిగుసుకుంటుంది.

ఇంకొక సంగతి. తర్వాతెప్పుడైనా కొన్ని రకాల కీమో మందులు ఇస్తే, మానిపోయిన చర్మం అదే హద్దుల్లో మళ్లీ ఎర్రబడి మండవచ్చు. దీన్ని రేడియేషన్ రీకాల్ అంటారు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు రేడియేషన్ సమ్మరీ కాగితం తీసుకువెళ్లండి, ఏ వైపు, ఎన్ని సిట్టింగులు, ఏ నెలలో అయిందో అందులో ఉంటుంది.